పంపు మళ్లీ బిగించాలా, తీసి పారేయాలా?

కార్బురేటర్‌తో నడిచే పాత జిప్సీలు మన్యం కొండల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటి పెట్రోల్ పంపు మొరాయించినప్పుడల్లా షెడ్డులో ఒకటే తగవు. ఇంజన్‌తో పాటు వచ్చిన మెకానికల్ పంపునే సరిచేసి ఎక్కించాలా, దాన్ని పక్కన పడేసి ఎలక్ట్రిక్ పంపు పెట్టాలా? రెండు పక్షాల్లోనూ పసలేని మాట తక్కువ. అందుకే ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. బాబాయి పాడేరు ఘాట్ కింద షెడ్డు నడిపే పాత మెకానిక్. అబ్బాయి విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదివి బండ్ల వైరింగ్ పని చేస్తున్నవాడు. వాళ్ల ముందున్నది కాఫీ తోటల్లో తిరిగే జిప్సీ కింగ్, 1298 సీసీ కార్బురేటర్ ఇంజన్. ఘాట్ ఎక్కుతూ ఆగిపోయింది. పంపు విప్పి బల్ల మీద పెట్టారు.

అబ్బాయి: బాబాయ్, దీన్ని మళ్లీ ఎక్కించడం దండగ. హెడ్‌కు ఉన్న ఆ రంధ్రం మీద ప్లేటు వేసి మూసేద్దాం. ట్యాంకు దగ్గర చిన్న ఎలక్ట్రిక్ పంపు పెడదాం. 2000లో ఈ బండికే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చినప్పుడు కంపెనీవాళ్లే మెకానికల్ పంపు మానేశారు కదా. మనమెందుకు దాన్ని పట్టుకుని వేలాడాలి?

బాబాయి: ఇంజెక్షన్ బండి సంగతి వేరురా. దానికి రెండున్నర, మూడు బార్ల ఒత్తిడి కావాలి. ఈ పంపు అంత ఒత్తిడి పుట్టించలేదు. అందుకని మానేశారు గానీ పనికిరాదని కాదు. కార్బురేటర్‌కు అందులో పదో వంతు చాలు. అంతకు మించి తోస్తే లోపలి ఫ్లోట్ నీడిల్ ఆపలేదు. పెట్రోల్ పొంగి ఇంజన్‌లోకి దిగిపోతుంది.

అబ్బాయి: నేనూ ఇంజెక్షన్ పంపు పెడదామనడం లేదు. కార్బురేటర్ల కోసమే తక్కువ ఒత్తిడి పంపులు దొరుకుతున్నాయి. తాళం తిప్పగానే కార్బురేటర్ నిండుతుంది. నెల రోజులు కదలని బండిని స్టార్ట్ చెయ్యాలంటే ఇప్పుడెంత సెల్ఫ్ కొట్టాలో నీకు తెలియదా? కార్బురేటర్‌లో పెట్రోల్ ఎండిపోయి ఉంటుంది. ఇంజన్ తిరిగితే గానీ పంపు పని చెయ్యదు. పెట్రోల్ వస్తే గానీ ఇంజన్ తిరగదు. మధ్యలో బ్యాటరీ పడుకుంటుంది.

బాబాయి: ఆ మాట ఒప్పుకుంటాను. ఎక్కువ కాలం నిలిపి ఉంచే బండికి అది నిజమైన ఇబ్బందే. కానీ నువ్వు లోపమంటున్న ఆ గుణమే దాని గొప్ప రక్ష కూడా. ఇంజన్ ఆగితే పెట్రోల్ ఆగుతుంది. దానికి వైరు అక్కర్లేదు, స్విచ్చు అక్కర్లేదు. లోపల ఏం జరుగుతుందో ఒకసారి చూడు. కాంషాఫ్ట్ మీద ఒక పక్కకు ఉబ్బిన గుండ్రటి భాగం ఉంటుంది. అది తిరిగినప్పుడల్లా ఈ చిన్న రాడ్‌ను తోస్తుంది, రాడ్ పంపు లివర్‌ను తోస్తుంది. లివర్ డయాఫ్రంను కిందికి లాగితే పెట్రోల్ లోపలికి వస్తుంది. తిరిగి పైకి నెట్టేది ఎవరు?

అబ్బాయి: కింద ఉన్న స్ప్రింగు.

బాబాయి: అదీ కీలకం. కార్బురేటర్‌కు పెట్రోల్ పంపేది స్ప్రింగే, ఇంజన్ కాదు. అందుకే ఒత్తిడి స్ప్రింగును బట్టి ఉంటుంది. నువ్వు ఇంజన్‌ను ఎంత రేజ్ చేసినా అది అదుపు తప్పి పెరగదు. కార్బురేటర్ నిండి నీడిల్ మూసుకుంటే డయాఫ్రం కిందనే నిలిచిపోతుంది, లివర్ ఉత్తినే ఆడుతుంది. ఎంత కావాలో అంతే పంపే ఏర్పాటు దానిలోనే ఉంది. స్లోలో ఇంజన్ 800 చుట్లు తిరిగితే కాంషాఫ్ట్ 400 తిరుగుతుంది. అంటే నిమిషానికి 400 సార్లు లివర్ ఆడుతుంది. రాళ్ల దారిలో మొదటి గేరులో పాకుతున్నా కార్బురేటర్‌కు లోటు రాదు.

అబ్బాయి: పని చేసినంతకాలం బాగానే ఉంటుంది. డయాఫ్రం చిరిగితే? పంపు హెడ్‌కే బిగించి ఉంది. చిరిగిన రబ్బరులోంచి పెట్రోల్ నేరుగా ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ పలచబడితే బేరింగులు అరిగిపోతాయి. ట్యాంకు దగ్గర ఉండే ఎలక్ట్రిక్ పంపుతో ఆ ముప్పే లేదు. ఒక చిన్న రబ్బరు ముక్క మొత్తం ఇంజన్‌ను తినేసే ఏర్పాటును ఎందుకు సమర్థించాలి?

బాబాయి: సమర్థించడం లేదు, కనిపెట్టుకుని ఉండాలంటున్నాను. పంపు ఒంటికి ఈ సన్నటి రంధ్రం ఎందుకు పెట్టారనుకున్నావు? ఇక్కడ పెట్రోల్ తడి కనిపిస్తే డయాఫ్రం పోయినట్టు. ఆయిల్ జిడ్డు కనిపిస్తే లోపలి ఆయిల్ సీలు పోయినట్టు. చాలామంది ఈ రంధ్రాన్ని మట్టితో పూడిపోనిస్తారు, మరికొందరు కారుతోందని ఏదో గమ్ము పెట్టి మూసేస్తారు. అలా మూసినప్పుడే పెట్రోల్‌కు వేరే దారి లేక ఆయిల్‌లోకి పోతుంది. వారానికోసారి ఆయిల్ పుల్ల తీసి వాసన చూస్తే చాలు. మట్టం తగ్గాల్సింది పోయి పెరిగిందంటే బండి అక్కడే ఆపి, పంపు మార్చి, ఆయిలూ ఫిల్టరూ కూడా మార్చాలి.

అబ్బాయి: మరి ఈ పంపు సంగతేమిటి? ఘాట్ మధ్యలో చచ్చిపోయిందనే కదా ఓనరు తెచ్చాడు.

బాబాయి: చచ్చిందో లేదో చేతికే తెలుస్తుంది. ఇదిగో, ట్యాంకు వైపు గొట్టాన్ని బొటనవేలితో మూస్తున్నాను. రిటర్ను గొట్టాన్ని కూడా మూశాను. ఇప్పుడు లివర్ నొక్కి వదులు. నా వేలిని లోపలికి లాగుతోంది. వదిలాక కూడా ఆ పట్టు కాసేపు నిలిచింది. అంటే ఇన్‌లెట్ వాల్వు బాగుంది, డయాఫ్రంకు చిల్లు లేదు. ఇప్పుడు కార్బురేటర్ వైపు మూసి నొక్కుదాం. వేలు కింద గాలి బిగుతుగా తోస్తోంది. రంధ్రం దగ్గర తడి లేదు. పంపులో ప్రాణం ఉంది. తప్పు ఇంకెక్కడో ఉంది.

అబ్బాయి: ఎక్కడ?

బాబాయి: ట్యాంకు నుంచి వచ్చే ఆ రబ్బరు పైపును క్లిప్పు దగ్గర వంచి చూడు. వెంట్రుకవాసి పగుళ్లు. పంపు తర్వాత పైపు పగిలితే పెట్రోల్ కారుతుంది, అందరికీ కనిపిస్తుంది. పంపుకు ముందున్న పైపు పగిలితే పెట్రోల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. పైకి అంతా పొడిగా ఉంటుంది. పంపు మాత్రం పెట్రోల్‌కు బదులు గాలి మింగుతూ ఉంటుంది. మన దగ్గర పంపులకు పడే చెడ్డపేరులో చాలా భాగం ఈ పైపులదే. అనుమానం ఉంటే పంపు విప్పకముందే ఒక పని చెయ్యాలి. శుభ్రమైన డబ్బాలో పెట్రోల్ పోసి, కొత్త పైపుతో నేరుగా పంపుకు ఇచ్చి ఇంజన్ నడపాలి. చక్కగా నడిస్తే పంపుది తప్పు కాదు. ట్యాంకు, ఫిల్టరు, పైపులు చూసుకోవాలి.

అబ్బాయి: సరే, ఈ రోజుకు పంపు బతికింది. కానీ ఇప్పుడు మనం పోస్తున్న పెట్రోల్ ఈ బండి పుట్టినప్పటి పెట్రోల్ కాదు. 2023లో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ బంకులకు రావడం మొదలైంది, 2025కల్లా దేశమంతా అదే అయింది. అంత ఇథనాల్‌ను తట్టుకునేలా పాత రబ్బర్లు తయారు కాలేదు. ఉబ్బుతాయి, మెత్తబడతాయి, ఆరితే పగులుతాయి. నువ్వు చూపించిన పగుళ్లకు అదీ ఒక కారణం కావచ్చు. ఇథనాల్ నీటిని కూడా పీల్చుకుంటుంది. నిలిపి ఉంచిన బండిలో ఆ తడికి పంపు లోపలి లోహం తుప్పు పడుతుంది.

బాబాయి: దీనికి నా దగ్గర ఎదురుమాట లేదు. పాత రబ్బరుతో మళ్లీ బిగించడం తప్పే. పైకప్పు స్క్రూలతో ఉన్న పంపు అయితే ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరు కిట్టు తెచ్చి వెయ్యాలి. అంచు మడిచి మూసేసిన పంపును విప్పలేం, అది పాతబడితే కొత్తదే వెయ్యాలి. పైపులు కూడా ఆ రకానివే కొనాలి. కానీ ఇదే లెక్క నీ ఎలక్ట్రిక్ పంపుకూ వర్తిస్తుందిగా? అందులోనూ రబ్బరే, వాల్వులే.

అబ్బాయి: వర్తిస్తుంది. కానీ వేడి విషయంలో నాదే పైచెయ్యి. మెకానికల్ పంపు ఇంజన్ మీద కూర్చుని వెనక ఉన్న ట్యాంకు నుంచి పీలుస్తుంది. పీల్చే పైపులో ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే పెట్రోల్ త్వరగా ఆవిరి అవుతుంది. ఆవిరిని ఈ పంపు తోడలేదు. ఘాట్ ఎక్కేటప్పుడు ముక్కు పైకి లేచి ట్యాంకు ఇంకా కిందికి పోతుంది. ఎండాకాలంలో ఘాట్ మలుపుల్లో బానెట్లు ఎత్తి నిలబెట్టిన బండ్లు నువ్వే చూపించావు. ట్యాంకు దగ్గర పంపు ఉంటే పైపంతా ఒత్తిడిలో ఉంటుంది. ఆవిరి పుట్టడానికి చోటుండదు.

బాబాయి: వాలు వల్ల ఎంత తేడా వస్తుందో నువ్వే లెక్క కట్టు. చదువుకున్నవాడివి.

అబ్బాయి: ట్యాంకుకూ పంపుకూ మధ్య రెండున్నర మీటర్లు అనుకుందాం. ఇరవై డిగ్రీల వాలు, అంటే చాలా నిటారు. అప్పుడు ట్యాంకు దాదాపు 85 సెంటీమీటర్లు కిందికి పోతుంది. అంత ఎత్తు పెట్రోల్‌ను లాగడానికి కావలసింది సుమారు ఆరు కిలోపాస్కల్. గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర వంద, పాడేరు ఎత్తులో తొంభై చిల్లర. అంటే వాలు తినేది ఆరేడు శాతమే.

బాబాయి: మరి వేడి?

అబ్బాయి: 38 డిగ్రీల దగ్గర పెట్రోల్ ఆవిరి ఒత్తిడి సుమారు 60 కిలోపాస్కల్. 60 డిగ్రీలు దాటేసరికి అది గాలి ఒత్తిడినే మించిపోతుంది. అప్పుడు పీల్చినా పీల్చకపోయినా పైపులోనే మరుగుతుంది. నిజమే బాబాయ్, వాలు కన్నా వేడే అసలు శత్రువు.

బాబాయి: అయితే వేడికి మందు వెయ్యి. ఈ పంపుకు మూడు గొట్టాలున్నాయి. ఒకటి ట్యాంకు నుంచి వచ్చేది, ఒకటి కార్బురేటర్‌కు పోయేది, మూడోది తిరిగి ట్యాంకుకు పోయేది. ఆ మూడోది ఉత్తి పుణ్యానికి పెట్టలేదు. అదనపు పెట్రోల్‌తో పాటు ఆవిరిని కూడా వెనక్కి పంపి, చల్లటి పెట్రోల్ తిరుగుతూ ఉండేలా చేస్తుంది. చాలా షెడ్లలో రెండు గొట్టాల పంపు తెచ్చి వేసి, రిటర్ను పైపుకు బోల్టు బిగించి మూసేస్తారు. తర్వాత ఎండాకాలంలో బండి ఆగితే పంపును తిడతారు. ఇంకోటి, హెడ్‌కూ పంపుకూ మధ్య ఉండే మందపాటి ముక్క. అది హెడ్ వేడి నేరుగా పంపుకు ఎక్కకుండా ఆపుతుంది. దాన్ని తీసేసి ఉత్త ప్యాకింగుతో బిగించినవాళ్లు ఎందరో.

అబ్బాయి: ఆ ముక్క లేకపోతే వేడి ఒక్కటే కాదు, రాడ్ లెక్క కూడా తప్పుతుంది కదా?

బాబాయి: అదే చెప్పబోతున్నాను. ముక్క లేకపోతే పంపు హెడ్‌కు దగ్గరవుతుంది. రాడ్ లివర్‌ను ఉండాల్సిన దానికన్నా ఎక్కువ తోస్తుంది. డయాఫ్రం సాగి చిరుగుతుంది, లేదా లివరే విరుగుతుంది. కారుతోందని రెండు మూడు ప్యాకింగులు వేస్తే పంపు దూరమవుతుంది. లివర్ సగమే ఆడుతుంది, స్లోలో బాగుండి ఘాట్‌లో పెట్రోల్ చాలదు. ఎంత మందం విప్పామో అంత మందమే తిరిగి పెట్టాలి. రాడ్ చివరలు అరిగినా ఇదే కథ. ఈ రాడ్ విడిగా ఉంటుంది. పంపు లాగగానే జారి కింద పడుతుంది. పడిందని గమనించక పంపు బిగించేసి, సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ చంపుకుంటారు. రా, ఇప్పుడు మనం బిగిద్దాం. మొదట ఏం చేస్తావు?

అబ్బాయి: బ్యాటరీ నెగటివ్ వైరు తీసేశాను. ఇంజన్ చల్లారింది. ట్యాంకు మూత ఒకసారి తెరిచి లోపలి ఒత్తిడి వదిలేశాను. విప్పేటప్పుడే మూడు పైపులకూ మూడు రంగుల టేపు చుట్టాను.

బాబాయి: భేష్. హెడ్ మీద పాత ప్యాకింగు ముక్కలు గీరి తీసెయ్. ఉలి వాడొద్దు, అది అల్యూమినియం. గీత పడితే అక్కడినుంచే ఆయిల్ కారుతుంది. గీరేటప్పుడు రంధ్రంలో గుడ్డ కుక్కు, లేదంటే ఆ చెత్త ఇంజన్‌లో పడుతుంది. తర్వాత గుడ్డ తీయడం మరవకు. రాడ్‌కు ఇంజన్ ఆయిల్ పూసి లోపలికి జారవిడు. ఇప్పుడు అసలు సంగతి. రాడ్ కొసమీద వేలు పెట్టి ఉంచు. నేను కింద క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి మెల్లగా తిప్పుతాను. ఏమవుతోంది?

అబ్బాయి: బయటికి తోసుకొస్తోంది. ఇంకా వస్తోంది. ఆగింది. ఇప్పుడు లోపలికి పోతోంది. అదిగో, ఇక లోపలికి పోవడం లేదు.

బాబాయి: అక్కడే ఆపాను. ఇప్పుడు కాంషాఫ్ట్ ఉబ్బు అవతలి వైపు ఉంది. ఈ స్థితిలో పంపు పెడితే చేతితోనే హెడ్‌కు ఆనుతుంది. ఉబ్బు మన వైపు ఉన్నప్పుడు పెడితే స్ప్రింగు ఎదురు తంతుంది. పంపు వంకరగా నిలుస్తుంది. ఆ వంకరను బోల్టులతో లాగి సరిచెయ్యాలని చూస్తారు. ప్యాకింగు నలుగుతుంది, ఒక్కోసారి అల్యూమినియం మర ఊడి బోల్టుతో పాటు వచ్చేస్తుంది. హెడ్ బాగుచేయించే ఖర్చులో ఎన్ని పంపులొస్తాయో నీకు తెలుసు. బోల్టులు రెండూ మొదట వేళ్లతో ఎక్కించు. తర్వాత పానాతో ఒక్కోదాన్నీ కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించు. పళ్లు బిగబట్టి లాగాల్సిన పని లేదు.

అబ్బాయి: పైపులకు పాత క్లిప్పులు వద్దు, కొత్తవి వేస్తున్నాను. ఫిల్టరు కూడా కొత్తదే. బాణం గుర్తు పంపు వైపు. రిటర్ను పైపు మూసుకుపోలేదు, ఊది చూశాను.

బాబాయి: ఇక బ్యాటరీ వైరు పెట్టి సెల్ఫ్ కొట్టు. పది సెకన్ల కన్నా ఎక్కువ ఒకేసారి వద్దు. మధ్యలో మోటారుకు విరామం ఇవ్వు. స్టార్ట్ అయ్యాక లైటు వేసి ప్రతి కలయికా చూడు. పంపు అంచున ఆయిల్, పైపుల దగ్గర పెట్రోల్, ఆ సన్న రంధ్రం దగ్గర తడి, ఈ మూడూ చూడాలి. ఇంజన్ బాగా వేడెక్కాక మళ్లీ చూడాలి. చల్లగా ఉన్నప్పుడు కారనివి వేడికి కారతాయి.

అబ్బాయి: అంతా సరిగ్గానే ఉంది. కానీ నా పక్షం ఇంకా వదల్లేదు బాబాయ్. కాంషాఫ్ట్ మీది ఆ ఉబ్బే అరిగిపోయిన ఇంజన్ వస్తే ఏం చేస్తావు? మెకానికల్ పంపు కోసం కాంషాఫ్ట్ మారుస్తావా?

బాబాయి: మార్చను. అక్కడ నీ ఎలక్ట్రిక్ పంపే దారి. కానీ ఒక్క షరతు. కొండదారిలో బండి పల్టీ కొట్టిందనుకో. ఇంజన్ ఆగిపోతుంది, తాళం మాత్రం ఆన్‌లోనే ఉంటుంది. మనిషి స్పృహలో ఉన్నాడో లేదో తెలియదు. పైపు తెగి ఉంటే నీ పంపు పెట్రోల్ చిమ్ముతూనే ఉంటుంది, పక్కనే సైలెన్సర్ ఎర్రగా కాలుతూ ఉంటుంది. పల్టీ దాకా ఎందుకు? నీడిల్ కింద చిన్న ఇసుక రేణువు ఇరుక్కుంటే చాలు. ఇంజన్ ఆగినా పంపు ఆగదు, పెట్రోల్ సిలిండర్లోకి దిగుతుంది. మరోసారి సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

అబ్బాయి: దానికి మందు నా పనిలో ఉంది. పంపు వైరును నేరుగా తాళానికి కలపకూడదు. రిలే పెట్టి, ఆయిల్ ప్రెషర్ స్విచ్చు మీదుగా ఇవ్వాలి. ఇంజన్ ఆగి ఆయిల్ ఒత్తిడి పడిపోతే పంపుకు కరెంటు ఆగిపోతుంది. స్టార్ట్ చేసేటప్పుడు మాత్రం సెల్ఫ్ లైను నుంచి కరెంటు వస్తుంది. దానికి తోడు గుద్దుకుంటే తెగే ఇనర్షియా స్విచ్చు, పంపు దగ్గరగా కాకుండా బ్యాటరీ దగ్గరగా ఫ్యూజు.

బాబాయి: ఇన్నీ పెట్టి చేసేవాడు ఎలక్ట్రిక్ పంపు వెయ్యొచ్చు. నాకేం అభ్యంతరం లేదు. తాళం వైరుకు రెండు చుట్లు తిప్పి టేపు అంటించి పంపేవాళ్లతోనే నా పోట్లాట.

అబ్బాయి: అయితే నా మాటా సవరించుకుంటాను. హెడ్ మరలు, కాంషాఫ్ట్ ఉబ్బు, రాడ్ బాగున్న బండికి మెకానికల్ పంపు తీయించను. పంపు చెడిందని నిరూపించకుండా మార్పించను కూడా. మార్చాల్సి వస్తే కరెంటు కోత ఏర్పాటు లేకుండా ఎలక్ట్రిక్ పంపు ముట్టను.

ఇద్దరూ చివరికి నిలబడ్డ ఆ చోటే సరైనదని నా నమ్మకం. కార్బురేటర్ ఇంజన్‌కు, అందులోనూ ఏ క్షణాన ఎటు ఒరుగుతుందో తెలియని కొండదారి బండికి, ఇంజన్‌తో పాటే ఆగే పంపు కన్నా భద్రమైనది లేదు. అది చెడిపోయిందని మనం అనుకునే సందర్భాల్లో చాలావరకు చెడింది పైపు, లేదా బిగించిన తీరు. మీ దగ్గర పాత జిప్సీ ఉంటే మెకానిక్‌ను మూడు ప్రశ్నలు అడగండి. పంపును పరీక్షించారా? రాడ్, మందపాటి ముక్క, రిటర్ను పైపు యథాస్థానంలో ఉన్నాయా? ఎలక్ట్రిక్ పంపు పెడితే ఇంజన్ ఆగగానే అది ఆగుతుందా? మూడో ప్రశ్నకు జవాబు రాకపోతే బండిని షెడ్డు నుంచి బయటికి తీయకండి.